విసర్జనపత్రమున నఞర్థవిచారము

అమెరికా సేన విడిచిన భటునకు డి.డి. 214 అను పత్రము నిత్తురు. అందు సేవ యెట్టిదో తెలుపు విశేషణమును, ఏల విడిచెనో తెలుపు హేతువును ఉండును. స్వలింగప్రణయము కారణముగా వెడలఁగొట్టఁబడినవారిలోఁ బలువురకు 1993కుఁ బూర్వము దొరకిన విశేషణము "అదర్ దాన్ ఆనరబుల్", అనఁగా గౌరవేతరము.

ఇది పర్యుదాసమా, ప్రసజ్యప్రతిషేధమా? అబ్రాహ్మణునిఁ దెమ్మన్నచో మంటిగడ్డను దెచ్చినవాఁడు కృతార్థుఁడు గాఁడని భాష్యకారుని మతము. ఆ న్యాయమున గౌరవేతరమైన సేవయు సేవయే. చదువువారు మాత్రము ప్రసజ్యార్థమునే గ్రహించిరి. 1947 దాఁక నిచ్చిన నీలిపత్రము గౌరవమనియుఁ జెప్పదు, అగౌరవమనియుఁ జెప్పదు. అయినను దానిఁ జూచి ఉద్యోగము లిచ్చువారు మొగము ద్రిప్పుకొనిరి.

1993 నాఁటి శాసనము క్రిందఁ బెక్కండ్రకు గౌరవవిశేషణమే దొరకినను హేతువు పత్రమునఁ గానవచ్చుచునే యుండెను. ఆ శాసనము 2011 సెప్టెంబరు 20న రద్దయ్యెను. వేఱు దోషము లేనివారు మనవి చేసికొన్నచో విశేషణమును "గౌరవ" మనియు, హేతువును "సెక్రటరీ యధికార" మనియు సాధారణముగా సవరింపవలసినదని మండలులకు సూచన పోయెను. విశేషణము సరియే. హేతువు నాకు రుచింపదు. ప్రశ్న "ఏల?" యని, ఉత్తరము "ఎవరిచే?" నని. హేతుస్థానమునఁ గర్తను నిలుపుట శాస్త్రమున దోషము. ఇచ్చట దయ కావచ్చును, భటుని గుట్టు దాఁగును గదా. దానితోఁ బ్రభుత్వము చేసిన తప్పును దాఁగినది. పాణినికి లోపమన నదర్శనమే. లోపించిన ప్రత్యయము తన కార్యమును జేయుచునే యుండును.

మనవి చేయు భారము చిరకాలము భటునిదే. 2023లో రక్షణశాఖ తానై పాతపత్రములను వెదకఁ బూనెను. 800కుఁ బైగా భటులకు సవరణ లభించినదని 2024 అక్టోబరునఁ బ్రకటించెను. ఇది పండ్రెండేండ్లకుఁ బూర్వమే చేయఁదగిన పని.