మన అమీర్‌ని ఏం చేద్దాం?

చలం 'మైదానం' 1927లో వచ్చింది. వందేళ్లు కావస్తున్నా దాని మీద కొట్లాట ఆగలేదు. బూతన్నారు. స్త్రీ స్వేచ్ఛ అన్నారు. సంసారాలు కూల్చే పుస్తకమన్నారు. ఈ కొట్లాటంతా రాజేశ్వరి గురించే. ప్లీడరు మొగుణ్ణి వదిలి ఆమె ఎవరితో లేచిపోయిందో ఆ మనిషి పేరు అమీర్. అమీర్‌ని చూసి ఒక ముస్లిం పాఠకుడికి ఏమనిపిస్తుందని అడిగినవాళ్లు తక్కువ. మనల్ని మనం అడుక్కున్నదీ తక్కువే.

ఎందుకు అడగలేదో తెలుసు. అడిగితే ఇబ్బంది. అమీర్ మంచివాడు కాదు. రాజేశ్వరి కడుపుతో ఉంటే తీయించుకోమంటాడు. ఆమె ఉండగానే మరో పిల్ల మీద మనసుపడి, ఆ పిల్లను ఒప్పించే పని కూడా ఆమెకే పెడతాడు. రాజేశ్వరి మాత్రం తక్కువా? ఆమెకు మీరా అనే కుర్రాడు దగ్గరవుతాడు. చివరికి అమీర్ చనిపోతాడు, ఆ చావును తన నెత్తినేసుకుని రాజేశ్వరి జైలుకి పోతుంది. ఈ కథలో ఎవరినీ చంకనెత్తుకోలేం. అయినా పుస్తకం మూసేశాక నాలుగు రోజులు నిద్రపట్టదు. ఆ ప్రేమ అబద్ధమని అనలేం, ఆ ప్రేమ చేసిన పనుల్ని ఒప్పుకోనూలేం. విషాద ప్రేమకథ చేయాల్సిన పని ఇదే. మన నీతినీ మన జాలినీ ఒకే గదిలో పెట్టి తలుపేస్తుంది.

అయితే ఒక మెజారిటీ పాఠకుడు ఆ గదిలో ఒక్కడే ఉంటాడు. మనం ఉండం. మన వెనక కౌమ్ మొత్తం నిలబడి ఉంటుంది.

కృష్ణా డెల్టా కింది భాగంలో, గుడివాడ నుంచి బందరు పోయే రైలు దారిలో గుడ్లవల్లేరు లాంటి ఊళ్లలో మన బతుకు రెండు భాషల బతుకు. ఇంట్లో అమ్మీతో ఉర్దూ, గడప దాటితే తెలుగు. ఈ ఊళ్లలో మనకు దొరికే పెద్ద మెప్పు ఒకటుంది - "సాయిబైనా మంచోడే". అన్నవాళ్లు ప్రేమగానే అంటారు. కుడుములిచ్చినంత ఆప్యాయంగా అంటారు. కానీ ఆ 'అయినా' ఉందే, దానికింద మన తాతలు బతికారు, మనం బతుకుతున్నాం. ఆ 'అయినా'ను నిలబెట్టుకోవడానికి గొంతు తగ్గించి మాట్లాడతాం, బాకీ ముందే తీరుస్తాం, గొడవలో మన తప్పు లేకపోయినా మనమే చేతులు జోడిస్తాం. ఇట్లా బతికినవాడి చేతిలో 'మైదానం' పెడితే మొదట పుట్టేది సాహిత్య స్పందన కాదు, భయం. 'అరే, ఈ అమీర్ మన పరువు తీస్తున్నాడే!' అని.

ఇదే డెల్టా నుంచి ఒక పోలిక తెస్తాను. అక్కినేని నాగేశ్వరరావు 1924లో గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టాడు. 1949లో 'లైలా మజ్ను'లో ఖైస్ అయ్యాడు. 1955లో 'అనార్కలి'లో సలీం అయ్యాడు. మధ్యలో 1953లో 'దేవదాసు'. ఊరూరా జనం ఆ ముగ్గురి కోసం ఏడ్చారు. ఖైస్, సలీం ముస్లింలే. కానీ ఒకడు అరబ్బు ఎడారివాడు, ఇంకొకడు మొగలు షాజాదా. దూరపువాళ్లు, పైగా మచ్చలేని ప్రేమికులు. పక్కింటి సాయిబుతో వాళ్లకు చుట్టరికం లేదు. వాళ్ల కోసం కన్నీళ్లు పెట్టడానికి ఎవరికీ ఏ అడ్డూ రాలేదు.

దేవదాసు సంగతి వేరు. వాడు పిరికివాడు. పార్వతి అర్ధరాత్రి గడప దాటి వస్తే చేయి పట్టుకోలేకపోయాడు. తర్వాత ఆమె నుదుటి మీద గాయం చేశాడు. చంద్రముఖిని ఈసడించుకుంటూనే ఆమె నీడకు చేరాడు. తాగి తాగి చచ్చాడు. ఇన్ని తప్పులున్నవాణ్ణి తెలుగుదేశం గుండెల్లో పెట్టుకుంది. దేవదాసును చూసి 'జమీందార్ల కొడుకులంతా ఇంతే, వాళ్ల కులమంతా ఇంతే' అని ఎవరైనా అన్నారా? అనరు. వాడి తప్పు వాడిది. వాడి ఏడుపు మాత్రం అందరిదీ.

అమీర్ విషయంలో ఇది తిరగబడుతుంది. వాడి తప్పు అందరిదీ అవుతుంది, వాడి ఏడుపు ఎవరిదీ కాదు. తప్పులున్న మనిషిని ప్రేమించడమనే పాఠక హక్కు తెలుగులో సమానంగా పంపకం కాలేదు. నా ఫిర్యాదు ఇదీ.

మరి నేరం చలందా? కొంత అవును, కొంత కాదు. కాదని ఎందుకంటానంటే, రాజేశ్వరి ప్రేమలో ఆ 'అయినా' లేదు. తురకవాడైనా మంచివాడని ఆమె అమీర్‌ని ప్రేమించలేదు. మంచివాడని అసలే ప్రేమించలేదు. ఏ సర్టిఫికెట్టూ అడక్కుండా ఒక ముస్లిం మగాణ్ణి కోరుకున్న తెలుగు నాయిక ఆమె. 1927లో అది చిన్న సంగతి కాదు. అవునని ఎందుకంటానంటే, నవలంతా ఆమె గొంతే. అమీర్ శరీరం కనిపిస్తుంది, కోపం కనిపిస్తుంది, లోపలికి మాత్రం దారి లేదు. బిడ్డ వద్దన్నప్పుడు వాడి మనసులో ఏముంది? ఇంకొక పిల్ల కోసం తపించేటప్పుడు రాజేశ్వరి ముఖం చూసి సిగ్గుపడ్డాడా? మనకు అందదు. అమీర్ చెడ్డవాడని నాకు కష్టం లేదు. వాడి చెడ్డతనానికి వాడి నోటితో సాక్ష్యం లేదని కష్టం.

ఆ సాక్ష్యం ఎట్లా ఉంటుందో చూడాలంటే మన రెండో భాషలోకి పోవాలి. మీర్జా హాదీ రుస్వా 'ఉమ్రావ్ జాన్ అదా' 1899లో వచ్చింది. రుస్వా తర్వాత హైదరాబాదు వచ్చి ఉస్మానియా దారుల్ తర్జుమాలో పనిచేసి, 1931లో అక్కడే కన్నుమూశాడు. ఆ నవల నాయిక అసలు పేరు అమీరన్. ఫైజాబాదులో చిన్నప్పుడే ఎత్తుకుపోయి లక్నోలో అమ్మేశారు. ఎత్తుకుపోయిన దిలావర్ ఖాన్ ముస్లిం. కోఠా నడిపే ఖానుమ్ ముస్లిం. ప్రేమించి నిలబడలేని నవాబులు ముస్లింలు. ఏళ్ల తర్వాత ఇంటి గడప దాకా వస్తే గెంటేసిన తమ్ముడూ ముస్లిమే. అంతమంది చెడ్డవాళ్లున్నా ఆ నవల కౌమ్ మీద తీర్పు కాలేదు. ఎందుకని? మంచీ చెడూ అన్నీ మనవే కనుక, ఎవరి చెడు వాళ్ల పేరు మీదే నిలిచింది. ఉమ్రావ్ తన తప్పుల్ని కూడా తానే చెప్పుకుంది.

ఇస్మత్ చుగ్తాయ్ 'లిహాఫ్' 1942లో రాసింది. లాహోరు కోర్టులో అశ్లీలత కేసు ఎదుర్కొంది. మొగుడు పట్టించుకోని బేగం జాన్‌కి అన్యాయం జరిగింది. ఆ బేగమే ఇంటికొచ్చిన చిన్నపిల్లను భయపెట్టింది, ఆ పిల్లకు అన్యాయం చేసింది. ఇస్మత్ రెండూ చెప్పింది, ఒకదాన్ని ఇంకొకదానికి సాకుగా చూపలేదు. ఒక ముస్లిం స్త్రీ ముస్లిం ఇంటి లోపలి గది గురించి అట్లా రాసింది. బయటివాళ్లు ఏమనుకుంటారో అని కలం ఆపలేదు.

మన దగ్గరికొద్దాం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. 1998లో 'జల్‌జలా' కవిత్వం, 2004లో 'వతన్' కథలు వచ్చాయి. దూదేకుల మెషిను, రిక్షా, బురఖా, పెళ్లికాని ఆపా, మిర్చి బళ్లో చెయ్యి కాల్చుకున్న పిల్లాడు - మన బతుకు తెలుగు అక్షరాల్లోకి వచ్చింది. రావాల్సిందే. గాయం చూపించకపోతే గాయమే లేదనే దేశం ఇది. కానీ ఆ ఊపులో మనం మన మనుషుల్ని ఎక్కువగా గాయపడ్డవాళ్లుగానే రాసుకున్నాం. గాయం చేసే ముస్లిం ప్రేమికుడు, మోసం చేసి కుమిలిపోయే ముస్లిం స్త్రీ మన పేజీల్లో అరుదు. నిర్దోషుల్నే రాస్తే అది ఇంకో రకం కాండక్టు సర్టిఫికెట్ కాదా? 'అయినా' అనే మాటకు లోబడి రాయడం కాదా?

ఇప్పుడు కాలం బాగాలేదని అంటారు. నిజమే. 2009 ప్రాంతం నుంచి 'లవ్ జిహాద్' అనే మాట మార్కెట్లోకి వచ్చింది. హాదియా ఎవర్ని పెళ్లాడాలో తేలడానికి 2018లో సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. 2020లో ఉత్తరప్రదేశ్‌లో ఆర్డినెన్సు, 2021లో చట్టం. ఈ రోజుల్లో అమీర్ లాంటివాణ్ణి రాస్తే దాన్ని ఎఫ్ఐఆర్‌కి జతచేస్తారని భయం. నాకూ ఉంది. కానీ 'లవ్ జిహాద్' అనేవాడికి కావాల్సిందేమిటి? మనసు లేని, కుట్ర మాత్రమే ఉన్న ముస్లిం మగాడు. మనం బదులుగా మచ్చలేని బొమ్మను నిలబెడితే వాడికి నష్టం లేదు, బొమ్మ పక్కన బొమ్మ. వాడికి గిట్టనిది మనిషి. ప్రేమించి, తప్పుచేసి, దానికి లోపల్లోపల కాలిపోయే మనిషి.

కాబట్టి అమీర్‌ని దాచొద్దు, వెనకేసుకురావద్దు. వాడు రాజేశ్వరికి చేసింది అన్యాయమని మనమే అందాం. వాడి మీద కలిగిన జాలిని కూడా మనమే ఒప్పుకుందాం. వాడు కోరుకున్న ఆ పిల్ల ఏమనుకుందో ఒక ముస్లిం స్త్రీ కూర్చుని రాయాలి. ఆ రెండో 'మైదానం' ఇంకా రావాల్సి ఉంది. అందులో ఆ పిల్ల కూడా మంచిది కానక్కర్లేదు.