గోడ మీది వైవిధ్యం

తార్నాకలోని ఓ చిన్న కంపెనీ నుంచి మార్చిలో మాకొక ఉత్తరం వచ్చింది. అమెరికా కంపెనీల కంప్యూటర్ పనులు ఇక్కడ కూర్చుని చేసిపెట్టే కంపెనీ అది. వందమంది కూడా ఉండరు. ఏప్రిల్‌ని 'దళిత చరిత్ర మాసం'గా జరపదల్చుకున్నారట. "దారి వేసిన దళిత మహనీయులు" నలుగురి పేర్లు, ఫోటోలు, ఒక్కొక్కరి మీద రెండేసి వాక్యాలు పంపమని అడిగారు. "స్ఫూర్తినిచ్చేట్టుగా, సానుకూలంగా ఉండాలి" అని ఓ షరతు కూడా పెట్టారు. పంపాలా వద్దా అని మాలో మాకు పెద్ద తగువే అయింది. ఆ తగువులోంచి వచ్చిందే ఈ వ్యాసం. కంపెనీ పేరు రాయడం లేదు. అట్లాంటివి ఈ నగరంలో ఎన్నో ఉన్నాయి గనక ఒక్కదాని పేరు పట్టుకుని లాభం లేదు.

ముందు వెళ్లి వాళ్ల గోడ చూశాం. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా ఏడు బొమ్మలు. పైన వైవిధ్యాన్ని పండగ చేసుకుందామని ఇంగ్లీషులో పెద్దక్షరాలు. అడా లవ్‌లేస్, అలన్ ట్యూరింగ్, గ్రేస్ హాపర్, కేథరిన్ జాన్సన్, కల్పనా చావ్లా, అబ్దుల్ కలాం, చివరన అంబేద్కర్. ప్రతి బొమ్మ కిందా ఒక పేరు, ఒక "మొదటి", ఒక విజయం. ఈ "మొదటి" అనే మాట దగ్గరే మాకు పేచీ. మొదట లోపలికొచ్చిందెవరో చెప్తుంది, అంతదాకా ఎవరు రానియ్యలేదో చెప్పదు. ట్యూరింగ్ కింద కంప్యూటర్ శాస్త్రానికి పితామహుడని రాసి ఉంది. మగవాణ్ణి ప్రేమించినందుకు 1952లో ఆయనకు శిక్ష వేసిన చట్టం ఊసు లేదు. గోడ నిండా గెలిచినవాళ్లే. ఎవరిమీద గెలిచారో మాత్రం తెలియదు.

కేథరిన్ జాన్సన్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఆ గోడ మీద అందరికంటే పెద్ద బొమ్మ ఆమెదే. నల్లజాతి స్త్రీ, గణితం తెలిసిన మనిషి, 1962లో జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగొచ్చిన ప్రయాణానికి లెక్కలు సరిచూసింది. బొమ్మ కింద "ప్రతిభకు రంగు లేదు" అని రాశారు. సరే, ప్రతిభకు రంగు లేదు. ఆఫీసుకుంది గదా! ఆమె చేరిన లాంగ్లీ ప్రయోగశాలలో తెల్ల ఆడవాళ్లకు ఒక గది, నల్ల ఆడవాళ్లకు ఇంకో గది. భోజనాల దగ్గర నల్లవాళ్ల బల్ల మీద వాళ్లకది కేటాయించామని ఓ పలక పెట్టేవాళ్లు. మిరియం మాన్ అనే ఉద్యోగిని ఆ పలకను తీసి తన సంచీలో వేసుకునేది. ఇంకోటి పెట్టేవాళ్లు, అదీ తీసేది. వాళ్లు విసిగిపోయి పెట్టడం మానేసేదాకా తీసింది. 2016లో వచ్చిన 'హిడెన్ ఫిగర్స్' సినిమాలో ఇలాంటి పలకనే ఒక తెల్ల పై అధికారి పగలగొట్టి కింద పడేస్తాడు. సినిమా కోసం కల్పించిన పాత్ర అతను. మిరియం మాన్ చేతిలోని పనిని తీసుకుపోయి అతని చేతిలో పెట్టారు. మనకిది కొత్తేం కాదు. మాలపల్లె మీద, మాదిగవాడ మీద ఎన్ని నవలల్లో, ఎన్ని సినిమాల్లో ఉద్ధరించే పని ఎవరి చేతిలో పెట్టారో తెలుగు పాఠకులకు మేం చెప్పక్కర్లేదు.

అసలు ఆ నల్ల ఆడవాళ్లకు లాంగ్లీ తలుపు ఎట్లా తెరుచుకుంది? వాళ్ల ప్రతిభ చూసి మురిసి ఎవరూ తెరవలేదు. రైళ్లలో పడకలు పరిచే, సామాన్లు మోసే నల్ల కూలీల సంఘానికి నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్. యుద్ధ పరిశ్రమల్లో నల్లవాళ్లకు పని ఇవ్వకపోతే 1941 జూలైలో లక్షమందితో వాషింగ్టన్ మీదికి నడుస్తామన్నాడు. రూజ్‌వెల్ట్ దిగొచ్చి జూన్ 25న 8802 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ఆ ఉత్తర్వు వచ్చాకనే, 1943 నుంచి, లాంగ్లీ నల్ల ఆడవాళ్లను లెక్కలు కట్టే పనిలోకి తీసుకుంది. కేథరిన్ వచ్చింది 1953లో. అంతకుముందు పైచదువుకు ఆమె వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టగలిగిందంటే దాని వెనకా 1938 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఒక ఉద్యమం, ఒక ఉత్తర్వు, ఒక తీర్పు. ఈ మూడింటినీ కత్తిరించి పారేసి మిగిలిన మొహాన్ని గోడకు అతికించారు. ఆమెను లోపలికి తెచ్చిన పద్ధతిని మన దేశంలో రిజర్వేషన్ అంటే వచ్చే మొహాలు ఎలా ఉంటాయో ఈ పత్రిక చదివే విద్యార్థులు రోజూ చూస్తున్నారు.

ఇక చివరన ఉన్న అంబేద్కర్. కొలంబియా, లండన్, రాజ్యాంగం, మొదటి న్యాయమంత్రి. బాగానే ఉంది. అయితే ఆయన కూడా ఒకప్పుడు అమెరికాలో చదివొచ్చి ఆఫీసులో చేరిన కుర్రాడే. బరోడా మహారాజు ఇచ్చిన ఉపకార వేతనంతో చదివి, 1917లో బరోడా కొలువులో చేరాడు. బంట్రోతులు ఫైళ్లను దూరం నుంచి ఆయన బల్ల మీదికి విసిరేవాళ్లు. ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో తలదాచుకుంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. ఆయన దగ్గర లేని మెరిట్ ఏమిటట? ఒక ఆఫీసు గోడ మీద అంబేద్కర్‌ని పెట్టదలిస్తే చెప్పాల్సిన మొదటి సంగతి ఈ ఆఫీసు సంగతే. తార్నాకకు కూతవేటు దూరంలోని ఉస్మానియా విశ్వవిద్యాలయం 1953 జనవరి 12న ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. కేథరిన్ లాంగ్లీలో చేరిన సంవత్సరమే అది. ఇదీ గోడ మీద లేదు.

గోడ చదవడం అయింది. గోడకు అటువైపు గది ఉంది, ఇంటర్వ్యూలు అందులోనే. మాకు తెలిసిన పిల్లలు కొందరు అట్లాంటి గదుల్లోంచి బయటికొచ్చినవాళ్లే. ప్రోగ్రాము రాయమన్నారు, రాశారు. తర్వాత "మీ కుటుంబం గురించి చెప్పండి" అన్నారు. నాన్న ఏం చేస్తాడు, సొంతూరేది, ఊళ్లో ఎటువైపు? ఇది మా పిల్లలు చెప్పుకున్న బాధ మాత్రమే అనుకునేవాళ్ల కోసం చెప్తున్నాం. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల్లో ఉద్యోగులను ఎంచుకునే అధికారులతో మాట్లాడి 2007లో అచ్చేసిన పరిశోధనలో తేలింది ఇదే. కులం చూడం అన్నవాళ్లే "కుటుంబ నేపథ్యం" తప్పక చూస్తామన్నారు. అదే ఏడు సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ ఒకే చదువు, ఒకే అర్హత ఉన్న దరఖాస్తులను పేర్లు మార్చి కంపెనీలకు పంపి చూశారు. అగ్రకుల హిందూ పేరుకు పిలుపు వచ్చే అవకాశం 1 అనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. ఆ దరఖాస్తుల్లో ఏ మనిషీ లేడు, ఉన్నది పేరొక్కటే. ఇంటర్వ్యూ గది దాకా కూడా పోనక్కర్లేకుండానే పని జరిగిపోయింది.

కంప్యూటరు పనికీ మనవాళ్లకూ పడదని ఎవరైనా అంటే వాళ్లను తార్నాకలో ఇ.సి.ఐ.ఎల్. బస్సు ఎక్కించాలి. కేంద్ర ప్రభుత్వం 1967లో పెట్టిన ఆ సంస్థ కంప్యూటర్లు తయారుచేసింది, హైటెక్ సిటీ మాట పుట్టకముందే. ప్రభుత్వ రంగం గనక అక్కడ రిజర్వేషన్ వర్తించింది. ఐటీఐ చదివిన, డిప్లొమా చదివిన దళిత కుటుంబాల మొదటి తరం ఆ గేటు లోపలికి పోగలిగింది. లోపల కులం లేదని మేం అనడం లేదు. గేటు దగ్గర ఒక లెక్క ఉండేది, అంతే. 1998లో సైబర్ టవర్స్ లేచాక కంప్యూటరు మాదాపూర్‌కు మారింది, ఆ లెక్క మాత్రం దాంతో పోలేదు. సర్కారు భూములు, సర్కారు రాయితీలు కంపెనీలకు చేరాయి. రాజ్యాంగంలోని 16(4) అధికరణ సర్కారు ఉద్యోగాల దగ్గరే ఆగిపోయింది. 2006లో ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల ప్రశ్న ముందుకొస్తే పారిశ్రామిక సంఘాలు జె.జె. ఇరానీ నాయకత్వాన ఒక కమిటీ వేసుకుని, చట్టం వద్దు, మాకు మేమే స్వచ్ఛందంగా చేస్తామన్నాయి. ఆ స్వచ్ఛందానికే ఇప్పుడు వైవిధ్యం అని పేరు.

ఇక్కడ మన ఇంటి సంగతీ ఒకటి ఒప్పుకోవాలి. 'వైవిధ్యం' కంపెనీలు మన మీద రుద్దిన మాట మాత్రమే అయితే కొట్టిపారేయడం తేలికయ్యేది. 2002 జనవరిలో భోపాల్‌లో చేరిన దళిత మేధావులు ఆ మాటను అమెరికా నల్లవాళ్ల అనుభవం నుంచి తెచ్చుకుని, కంపెనీల్లో ఉద్యోగాలకూ సరుకుల కాంట్రాక్టులకూ వర్తించమని అడిగారు. వాళ్ల నోట్లో అది వాటా అడిగే మాట. ఇరవయ్యేళ్లు తిరిగేసరికి వాటా రాలిపోయి పోస్టరు మిగిలింది.

అమెరికాలోనైనా ఆ పోస్టరు కులాన్ని ఓర్చుకుందా? 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో మీద కేసు వేసింది. ఐఐటీలో రిజర్వేషన్ మీద చేరినవాడని ఒక దళిత ఇంజనీరు గురించి పై అధికారి తోటివాళ్లకు చెప్పాడన్నది ఆరోపణ. 2023లో ఇద్దరు అధికారుల మీద ఆరోపణలను ఆ శాఖే వెనక్కి తీసుకుంది, కంపెనీ మీద కేసు మాత్రం నిలిపింది. 2022 ఏప్రిల్‌లో, సరిగ్గా దళిత చరిత్ర మాసంలోనే, గూగుల్‌లో తేన్మొళి సౌందరరాజన్ ఉపన్యాసం పెట్టారు. ఆమె హిందూ వ్యతిరేకి అని ఉద్యోగులు కొందరు ఫిర్యాదులు పంపితే రద్దు చేశారు. ఆ సభ ఏర్పాటు చేసిన తనూజా గుప్తా రాజీనామా చేసి బయటికొచ్చింది. నల్ల చరిత్ర మాసానికి చప్పట్లు కొట్టే ఆఫీసుల్లోనే మన నెల ఇట్లా గడిచింది. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడు అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు అలాంటి బిల్లునే తిప్పి పంపాడు. అటు అమెరికాలో ఐటీ ఉద్యోగాలకు పోయినవాళ్లలో తెలుగువాళ్లెందరో మనకు తెలుసు. కాబట్టి ఇది పరాయి దేశపు వార్త అనుకోవడానికి లేదు.

2025 జనవరి 21న ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టి 1965 నాటి 11246 నంబరు ఉత్తర్వును రద్దు చేశాడు. ప్రభుత్వ కాంట్రాక్టులు తీసుకునే కంపెనీలు వివక్ష చూపకుండా, అందరికీ అవకాశమిచ్చేట్టు కట్టడి చేసిన ఉత్తర్వు అది, రాండాల్ఫ్ సాధించిన 8802కు వారసురాలు. రద్దు చేసిన కాగితం పేరులోనే 'మెరిట్' ఉంది. పెద్ద పెద్ద కంపెనీలు వైవిధ్యం పథకాలను చుట్టచుట్టి పక్కన పెట్టాయి. తార్నాక గోడకు రంగు ఆ కంపెనీల నుంచే వస్తుంది గనక ఈ గోడ ఎంతకాలం ఉంటుందో చూడాలి. బొమ్మలు దించడానికి ఓ మధ్యాహ్నం చాలు.

పంపాలా వద్దా అన్న తగువు దగ్గరికి వద్దాం. వద్దన్నవాళ్ల మాట పైన రాసిందంతానూ. పంపుదామన్న మిత్రురాలు ఒక్క మాటే అంది. "నేను చదువుకున్న ఏ బడి గోడ మీదా మావాళ్ల బొమ్మ లేదు. ఆ ఆఫీసులోకి బెదురుతూ వచ్చే పిల్ల ఒక్కతి సదాలక్ష్మమ్మ మొహం చూస్తే చాలు." దీనికి మా దగ్గర సిద్ధాంతపు జవాబు లేదు. అది నిజం గనక.

చివరికి రెండు పేర్లు పంపాం. ఒకటి టి.ఎన్. సదాలక్ష్మి. సికింద్రాబాదు పక్కన బొల్లారం నుంచి వచ్చి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకరు, మంత్రి అయిన స్త్రీ. గోగు శ్యామల ఆమె బతుకు కథ రాసి 2011లో అచ్చేయకపోతే ఈపాటికి ఎంతమంది మరచిపోయేవాళ్లో. పదవుల దగ్గర ఆగకుండా, ఆమె మాదిగ దండోరా వెంట నిలబడి షెడ్యూల్డు కులాల లోపల కూడా వాటా అడిగిందని రాశాం. రెండోది భాగ్యరెడ్డి వర్మ. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి, నగరంలో మన పిల్లలకు బడులు నడిపి, 1917లో బెజవాడ పంచమ మహాజన సభను ఆది ఆంధ్ర మహాసభగా మార్చినవాడు. రెండు వాక్యాలే గదా ఇచ్చింది, అందులో ఒకటి దీనికి వాడాం: 1931 జనాభా లెక్కల్లో మా వాళ్లను మేం చెప్పుకునే పేరుతో, ఆది హిందువులుగా రాయండని నిజాం ప్రభుత్వం ముందు నిలబడి రాయించాడు.

దాంతోపాటు ఓ చిన్న ప్రశ్న కూడా జతచేశాం. మీ కంపెనీలో ఎస్సీ, ఎస్టీ ఉద్యోగులు ఎందరు?

వారం రోజుల్లో మర్యాదగా జవాబొచ్చింది. ఫోటోలు బాగున్నాయట. భాగ్యరెడ్డి వర్మ కింది వాక్యాన్ని "కొంచెం సానుకూలంగా" మార్చి ఇమ్మన్నారు. ప్రశ్నకు కూడా బదులిచ్చారు: తమ దగ్గర ఎవరి కులమూ అడగరట, నమోదు చెయ్యరట, అందరూ ఒకటేనట. తమ దగ్గర ఆడవాళ్లు నూటికి ఎందరో మాత్రం అదే ఉత్తరంలో, అడక్కుండానే రాశారు.