ఊపిరి లేని రాట్నం

ఎర్ర సముద్రం మీద పొద్దు వాలి, జెద్దా కార్నిష్ తీరవీధి పొడవునా దీపాలు పూసే వేళ రంగుల రాట్నం తిరుగుతుంది. పసిడి జూలు, పగడపు జీను, పైకెత్తిన ముంగాళ్లు. గుర్రాలన్నీ పెళ్లికి పోతున్నట్టు సింగారించుకున్నాయి. నడుమన, ఇరుసు దగ్గర, పాట పుట్టాల్సిన చోట మాత్రం ఒక నల్లటి స్పీకరు. అందులోంచి వచ్చేదీ సంగీతమే, కాదనను. కానీ దానికి ఊపిరి లేదు. ఎప్పుడో ఎవరో పాడి దాచిపెట్టిన పాటకు ఈ ఉప్పుగాలితో, ఈ సందెతో, ఈ పిల్లల కేరింతలతో ఏం చుట్టరికం?

ఓ బ్యాండ్ ఆర్గన్, రాట్నాల రాణీ, ఎక్కడున్నావు తల్లీ! నీ తోలు తిత్తులు ఉబ్బి, అణగి, ఊరి గాలిని గుండెల నిండా పోగుచేసుకునేవి. చిల్లులు పొడిచిన దళసరి అట్టల దొంతర మడత తర్వాత మడత విప్పుకుంటూ నీలోకి సాగేది. చిల్లు వచ్చిన చోట మీట కదిలేది, కవాటం తెరుచుకునేది, గాలి గొట్టంలోకి ఉరికి స్వరమై పైకి లేచేది. చెక్క గొట్టాలు వేణువులై పలికేవి, ఇత్తడి నోళ్లు బాకాలై గర్జించేవి, డోళ్లూ తాళాలూ గంటలూ ఎవరూ ముట్టకుండానే మోగేవి. పూలూ లతలూ చెక్కిన నీ ముఖపలక మీద బుల్లి బ్యాండ్ మాస్టరు బొమ్మ చెయ్యూపుతూ అందరినీ నడిపేది. అటు గుర్రాలు తిరిగేవి, ఇటు లోకమే తిరిగేది.

నీ పుట్టిళ్లు ఎన్నని! పారిస్‌లో గావియోలీ వారు 1892లో ఆ అట్టల పుస్తకానికి పేటెంటు పుచ్చుకున్నారు. 89 మీటలవీ 110 మీటలవీ, మేడల్లాంటి ఆర్గన్లు కట్టి సంతలకు పంపారు. జర్మనీ నల్ల అడవి ఒడిలో వాల్డ్‌కిర్ఖ్ అనే చిన్న ఊళ్లో బ్రూడర్ వంశం, రూత్ వంశం తరతరాలుగా నీకు గొంతులు చెక్కాయి. అమెరికాలో నార్త్ టొనవాండా ఊరి వుర్లిట్జర్ కర్మాగారం నిన్ను కాగితపు చుట్టలతో పాడించింది. 1930లు వచ్చేసరికి ఆ కర్మాగారమే జూక్‌బాక్సులు చేయసాగింది. నీ గడపలోంచే నీకు సవతి నడిచి వచ్చింది. నీ కథలో నన్ను ఎక్కువగా కలచివేసే ఘట్టం ఇదే.

అరబ్బు నేల మీద ఈ శోకం రెండింతలు. 9వ శతాబ్దపు బాగ్దాద్‌లో బనూ మూసా అనే ముగ్గురు అన్నదమ్ములు, ముహమ్మద్, అహ్మద్, హసన్, తనంతట తానే ఊదుకునే వాద్యం గురించి అరబ్బీలో ఒక గ్రంథం రాశారు. నీటి ఒత్తిడి గాలిని తోస్తుంది. మేకులు దిగేసిన పీపా ఒకటి తిరుగుతూ మీటలను కదిపితే పిల్లనగ్రోవి రంధ్రాలు మూసుకుంటూ తెరుచుకుంటాయి. ఆ మేకుల పీపాయే తర్వాతి యుగాల యంత్ర సంగీతానికి మూలరూపం. 1206 నాటి అల్ జజరీ గ్రంథంలో నీటి మీద తేలే పడవ, అందులో నలుగురు వాద్యగాళ్ల బొమ్మలు! ఇంత సంపద అరబ్బీ పుటల్లో పుట్టింది. నేడు అరబ్బీలో అమ్మా అని పిలిచే పసివాళ్లు గుర్రమెక్కితే, వాళ్ల చెవిలో పడేది స్పీకరు మోత.

ఈ సౌదీ దేశం చాలాకాలం పాటల వేదికలకు చాలావరకు దూరంగా బతికింది. 1979లో మక్కాలోని పెద్ద మసీదు ముట్టడి తర్వాత కట్టుబాట్లు బిగిశాయి, 1980ల మొదట్లో సినిమా హాళ్లు మూతపడ్డాయి. 2016లో వినోదానికంటూ ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. 2018 ఏప్రిల్ 18న రియాద్‌లో మళ్లీ తెర వెలిగింది. ఇప్పుడు రియాద్ దగ్గరి ఖిద్దియాలో ఫాల్కన్స్ ఫ్లైట్ అనే రోలర్ కోస్టర్ ఉక్కు డేగలా గంటకు 250 కిలోమీటర్ల వేగంతో కొండ అంచు నుంచి దూకుతోంది. ఆ వేగం మీద నాకు పగ లేదు. అన్నేళ్ల మౌనం తర్వాత పిల్లలు గొంతెత్తి అరవడం పండగే. అయితే ఇంత పండగలో నీకో మూల దొరకలేదే అన్నదే నా గోడు.

రాట్నం కమ్మీ పట్టుకుని ఆమె నిలబడుతుంది. రాయచోటి నుంచో రాజంపేట నుంచో ఇంటిపనికి వచ్చిన తల్లి. గుర్రం మీద కూర్చున్నది పనిచ్చిన కఫీలు బిడ్డ, తన బిడ్డ ఊళ్లో అవ్వ దగ్గర. రాట్నమంటే ఆమెకు తిరనాళ్ల దుమ్ము, బూరల గోల, చేత్తో నెట్టే కొయ్యగుర్రాల కిర్రు కిర్రు. అక్కడా ఇప్పుడు మైకులదే రాజ్యం. తిత్తి ఊపిరితో పలికే వాద్యం ఆమెకు కొత్తేమీ కాదు. 1842లో పారిస్‌లో పేటెంటు పొందిన హార్మోనియం సముద్రాలు దాటి వచ్చి, కుదించుకుని, మన పద్యనాటకానికి ప్రాణమైంది, సురభి వారి పందిట్లో రాత్రుళ్లు తెల్లవార్లూ మోగింది. నీ తోడబుట్టిన దానికి తెలుగునాట ఇల్లు దొరికింది. నీకే అక్కడా దొరకలేదు, ఇక్కడా దొరకలేదు.

ఇంకా వేళ మించలేదు. వాల్డ్‌కిర్ఖ్‌లో ఈనాటికీ ఆర్గన్లు కట్టే చేతులున్నాయి. అరబ్బు రాగాల పావు స్వరాలు పలకాలంటే కొన్ని గొట్టాలను వేరే శ్రుతికి కోయాలి, అంతే. ఎడారిలో ఉక్కు కొండలు నిలబెట్టిన దొరలారా, ఒక్క ఆర్గన్ తెప్పించండి. ముఖపలక మీద బనూ మూసా అన్నదమ్ములను చెక్కించండి. 2000 ఆగస్టులో అభా వేదిక మీద పాడుతూనే ఒరిగిపోయిన సౌదీ గాయకుడు తలాల్ మద్దాహ్ పాటను మొదటి అట్టల పుస్తకంలో పొడిపించండి. రెండో పుస్తకంలో రాయచోటి తల్లి పాడుకునే లాలి ఉండాలి. చిల్లులు పొడిచే ఉలికి ఏ పాటైనా ఒకటే. తిత్తులు నిండాలి, బొమ్మ మాస్టరు చెయ్యెత్తాలి, జెద్దా ఉప్పుగాలి ఇత్తడి గొంతుల్లో దూరి కార్నిష్ ఆ కొస నుంచి ఈ కొసదాకా హోరెత్తాలి!