కన్యాశుల్కమున ఇంగితపరీక్ష

పరుల మనస్సును వారి కన్నులను, చేతులను, కూర్చుండు తీరును చూచి తెలిసికొను విద్య యని యిప్పుడు పుస్తకములు పెక్కు వెలువడుచున్నవి. ఉద్యోగార్థులైన యువకులు వీనిని కంఠస్థము చేయుచున్నారు. వీనిలో తఱచుగా కనబడు లెక్క యొకటి కలదు: భావము తెలియుటకు మాట నూటికి 7 పాళ్లును, కంఠస్వరము 38 పాళ్లును, ముఖము 55 పాళ్లును తోడ్పడునట! ఈ లెక్క 1967లో మెహ్రేబియన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు తన సహకారులతో చేసిన పరీక్షలనుండి పుట్టినది. ఎదుటివాని యిష్టాయిష్టములు తెలియవలసినప్పుడు మాట యొకటియు ముఖమొకటియు చెప్పినచో దేనిని నమ్ముదుమను చిన్న ప్రశ్నకే అది సమాధానము. దానిని సకల సంభాషణములకును అంటగట్టుట ఊరిచెఱువు లోతు కొలిచి సముద్రమింతే యనుట వంటిది. 2006లో బాండ్, డిపాలో అను పరిశోధకులు పూర్వపరిశోధనల ననేకములను క్రోడీకరించి, మనుష్యులు నిజమును అబద్ధమును నూటికి 54 పర్యాయములు మాత్రమే సరిగా గుర్తించుచున్నారని తేల్చిరి. బొమ్మ బొరుసు వేసినను 50 వచ్చును గదా!

మన పూర్వులీ విషయము నెఱుగనివారు కారు. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అని భరతుడు ఎనిమిది సాత్త్వికభావములను చెప్పియున్నాడు. అయితే ఆయన చెప్పినది నటునికొఱకు. మనస్సు నేకాగ్రము చేసినగాని కన్నీరు రాదని నటుని హెచ్చరించినాడు. ఏకాగ్రము చేసినచో వచ్చుననియే దాని యర్థము. రంగస్థలమున ప్రేక్షకుడు మోసపోవుటకే వచ్చినవాడు. లోకమున నట్లు కాదు. ఇచట నటుడెవడో, కానివాడెవడో ముందుగా చెప్పు సూత్రధారుడు లేడు.

ఈ చిక్కును మన భాషలో గురజాడ అప్పారావుగారి వలె చూపినవారు మఱియొకరు లేరని మా యభిప్రాయము. కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో మిక్కిలి పెంచి తిరుగవ్రాయబడినది. సంఘసంస్కరణ నాటకమని దానిని నూఱేండ్లకు పైగా చదువుచున్నాము. కాని ఒకరినొకరు ఎట్లు చదివికొందురో, ఎట్లు తప్పు చదువుదురో తెలుపు గ్రంథముగా కూడ దానిని చదువవలసియున్నది.

భావోద్వేగప్రజ్ఞ యను మాటకు 1990లో సాలొవే, మేయర్ అనువారు శాస్త్రరూప మిచ్చిరి. 1995లో గోల్‌మన్ రచించిన గ్రంథము దానిని ఇంటింటి మాట చేసినది. పరుల భావములను గుర్తించుట, వానిని తగినట్లు నడిపించుట దాని ముఖ్యలక్షణములందురు. అట్లయినచో గిరీశమునకు నూటికి నూఱు మార్కులు వేయవలసివచ్చును. పరీక్ష తప్పిన వెంకటేశమునకు తండ్రియనిన భయము. ఆ భయమును కనిపెట్టి గిరీశము తోడు వచ్చెదనని బయలుదేరును. అగ్నిహోత్రావధానులకు కోపము, వ్యాజ్యములపిచ్చి. ఆ పిచ్చినే పట్టుకొని ఇంగ్లీషు కాగితములు చూచిపెట్టెదనని కోపము నణచును. గురుశిష్యుల ఇంగ్లీషు సంభాషణము విని ఆ యింటివారు మురిసిపోవుదురు. అందు వినబడినవి పసిపిల్లలు వల్లించు గేయముల ముక్కలు! మాటయర్థము తెలియనందున వారికి మిగిలినది ముఖము, స్వరము మాత్రమే. పైలెక్క ప్రకారము నూటికి 93 పాళ్లు వారిచేతిలోనే యున్నవి, అయినను మోసపోయిరి. బుచ్చమ్మ ఆ మాటలను తమ్మునికి చెప్పుచున్నట్లు ప్రక్కనుండి వినును. తనకు చెప్పని మాటను మనుష్యులు సులువుగా నమ్ముదురని గిరీశ మెఱుగును.

ఇక మధురవాణి. ఈమె మనుష్యులను చదువుట వినోదమునకు కాదు, జీవనమునకు. చదువుట తప్పినచో ఆనాడు పస్తు. ఆమె ముఖమును మాత్రమే చూచి నిర్ణయించుట అరుదు. మాటను చేతతో సరిచూచును. రామప్పపంతులు తన ప్రతాపమెంత చెప్పుకొన్నను, తనవద్ద తీసికొనిపోయిన కంటె తిరిగి తెచ్చువఱకు ఆతని మాటకు విలువ కట్టదు. ఊరివారి నందఱిని తానే మోసగింపగలనను ఆ పంతులు, ఆడువేషము వేసిన పిల్లవానికి స్వయముగా పెండ్లి కుదుర్చుటను పాఠకులు మఱచియుండరు.

సౌజన్యారావుపంతులు విద్వాంసుడు, దయాళువు. మగవేషముతో ఎదుట కూర్చున్న మధురవాణిని ఆయన గుర్తింపలేడు. ఇది నమ్మదగినది కాదని యనువారికి మేము చెప్పునది, ఆయన చిరకాలము వేశ్యలను చూడకుండుటే వ్రతముగా పెట్టుకొన్నవాడు. చూడనొల్లనివానికి చూచుట యెట్లు తెలియును? ఆమె యాతనిని ముద్దడిగి పరీక్షించును. ఆతడు చలించెనని తెలిసిన క్షణముననే తాను వెనుకకు తగ్గును. ఎదుటివాని దౌర్బల్యము కనిపెట్టుటలో గిరీశమును ఆమెయు సమానులే. కనిపెట్టిన పిదప గిరీశము దానిని వాడుకొనును, ఆమె వాడుకొనదు. ఈ భేదమును కొలుచు లెక్క పైపుస్తకములలో మాకు కనబడలేదు.

ఇది బడిలో కూడ అక్కఱకు వచ్చు మాట. కన్నులలోనికి చూడక మాటలాడువాడు అబద్ధికుడని ఆ పుస్తకములు చదివిన ఉపాధ్యాయుడొకడు తరగతిలోనికి వచ్చినాడనుకొందము. పెద్దలయెదుట తల వంచుకొనుట మన పల్లెలలో మర్యాద. ఏమియు దొంగిలింపని పిల్లవాడు ఆ మర్యాదకే దెబ్బలు తినును. ధైర్యముగా చూడ నేర్చిన దొంగ తప్పించుకొనును.

ఇంతటి నాటకమున కొఱత లేదా? కలదు. మధురవాణి యందఱిని చదువును. ఆమెను చదువువా రొకరును లేరు, కవి తప్ప. బుచ్చమ్మ విషయమున కవియు తొందరపడినాడనిపించును. గిరీశము గుట్టు బయటపడిన పిదప ఆమెను పూనాలోని వితంతుశరణాలయమునకు పంపుటకు సౌజన్యారావుపంతులు నిశ్చయించును. ఆ నిశ్చయము విన్నప్పుడు ఆమె ముఖమెట్లుండెనో, ఏమనెనో మనకు చూపబడలేదు.