నారకూ గాలికీ నడుమ గెట్టు

నల్లగొండలో ఎక్స్‌రే అనగానే గుర్తొచ్చేది ఎముక. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన తరాల చేతుల్లో ఆ నల్లటి ఫిల్ములు నలిగాయి. చిక్కబడి తెల్లగా కనిపించే వెన్నెముక, దాని పక్కన సున్నం పట్టి బిగుసుకుపోయిన లిగమెంట్లు, అన్నీ ఒకే పొరలో అతుక్కుపోయినట్టుంటాయి. ఒకదాని వెనక ఒకటి ఉన్నవన్నీ కలిసి ఒకే నీడగా పడటం ఆ ఫిల్ముకున్న లోటు. ఏది ముందో, ఏది వెనకో చెప్పడానికి డాక్టరుకు అనుభవమే దిక్కు.

ఆ నీడల్ని విడదీసే ఉపాయం 1971లో ఆస్పత్రికి చేరింది. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ యంత్రం లండన్‌లో ఒక రోగి తల చుట్టూ తిరుగుతూ నీడలు తీసింది. వాటన్నిటినీ లెక్కగట్టి కంప్యూటరు లోపలి పొరను గీసింది. 1979లో ఆయనకూ, ఆ గణితాన్ని అంతకుముందే రాసిపెట్టిన అలన్ కార్మాక్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు. నేను చేసే పనికి మూలం అదే. కాకపోతే నా ముందుండేది అగ్గిపుల్లంత కట్టె ముక్క. ఇక్కడ యంత్రం కదలదు, కట్టే తన చుట్టూ తాను తిరుగుతుంది.

రెండు మిల్లీమీటర్ల ముక్కను మైక్రాను వివరంతో తీస్తే అడ్డంగా 2000, నిలువుగా 2000, లోతుకు 2000 గళ్లు వస్తాయి. అంటే 800 కోట్ల చిన్న ఘనాలు. వీటిని వాక్సెల్ అంటాం. ఒక్క ముక్కకే 16 గిగాబైట్లు నిండుతాయి. ఒక్కో వాక్సెల్‌లో ఉండేది ఒకే ఒక్క అంకె, అక్కడ ఎక్స్‌రే ఎంత ఆగిందన్నది. ఇది నార, ఇది గాలి, ఇది జిగురు అని అందులో ఎక్కడా రాసి ఉండదు. రాయాల్సింది మనమే.

అక్కడే గెట్టు పంచాయితీ మొదలవుతుంది. మా పాలమూరులో రెండు చెలకల మధ్య గెట్టు జానెడు జరిగితే తరాల పాటు మాటలుండవు. కట్టె బొమ్మలోనూ నార గోడ ఎక్కడ ఆగింది, దాని లోపలి ఖాళీ ఎక్కడ మొదలైంది అన్న గీత అంతటి తగవే. కట్టెలో ఉన్నది చాలావరకు కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. ఇవి ఎక్స్‌రేను గట్టిగా ఆపేవి కావు కాబట్టి ఎముకలా తెల్లగా తేలదు, గోడా ఖాళీ రెండూ బూడిద రంగులోనే మసకగా కలుస్తాయి. గోడ మందం 4 మైక్రాన్లు అనుకుందాం. గీత రెండు వైపులా ఒక్కో మైక్రాను బయటికి జరిగితే అది 6 అవుతుంది, లోపలికి జరిగితే 2 అవుతుంది. కట్టెలో సగం సరుకు నా చేతి మీదుగా పుట్టొచ్చు, పోవచ్చు. విడివిడిగా చూస్తే మాత్రం మూడు బొమ్మలూ నమ్మేలాగే ఉంటాయి.

ఈ గీతను తనంతట తానే గీసే పద్ధతిని జపాన్‌కు చెందిన నొబుయుకి ఓట్సు 1979లో ప్రకటించారు. ఇవాళ బొమ్మల్ని విశ్లేషించే చాలా సాఫ్ట్‌వేర్లలో అది ఒక బటన్. నల్లవి ఒక గుంపు, తెల్లవి ఒక గుంపు అని స్పష్టంగా విడిపోయిన బొమ్మకు అది చక్కగా పనిచేస్తుంది. పల్చటి గోడల దగ్గర వాక్సెల్‌లో సగం గోడ, సగం గాలి ఉంటాయి. అప్పుడు రెండు గుంపులూ కలిసిపోతాయి. బటన్ అప్పుడు కూడా ఏదో ఒక గీత గీస్తుంది. దాన్ని అలాగే నమ్మి, రంగులద్ది, గిరగిరా తిప్పి చూపించే బొమ్మలంటే నాకు భయం.

నన్ను కాపాడేది తక్కెడ. ఏ చెట్టుదైనా సరే, నార గోడలోని అసలు పదార్థం సాంద్రత దాదాపు ఒక్కటే, ఘనపు సెంటీమీటరుకు 1.5 గ్రాములు. బూరుగు తేలికగా, తుమ్మ బరువుగా ఉండటం ప్రధానంగా ఖాళీల వల్లనే. ఎండిన టేకు సుమారు 0.65 గ్రాములు తూగుతుందంటే, దాన్ని 1.5తో భాగిస్తే గోడ 43 శాతమే, సగానికి పైగా ఖాళీయేనన్నమాట. కాబట్టి బొమ్మలో నేను 60 శాతం గోడ అని తేల్చి, తక్కెడ 43 అంటే, తక్కెడ మాటే వినాలి. ఈ చిన్న లెక్క చేయకుండా నారల గురించి పేజీలు పేజీలు రాసినవాళ్లను చూస్తే కడుపు మండుతుంది.

ఇంకో మాయ ఉంది. కెమెరాలో ఒక చుక్క సరిగా పనిచేయకపోతే, ముక్క తిరుగుతుంది కాబట్టి, బొమ్మలో గుండ్రటి వలయం పడుతుంది. టేకు ముక్కలో అది అచ్చం వయసు వలయంలా కనిపిస్తుంది. చెట్టు వలయాలకు కేంద్రం చెట్టు గుండెలో ఉంటుంది. దొంగ వలయాలన్నిటికీ కేంద్రం ముక్క తిరిగిన ఇరుసు మీదే ఉంటుంది. ముక్కను కొంచెం పక్కకు జరిపి మళ్లీ తీస్తే దొంగ దొరుకుతుంది.

నల్లగొండ పాత ఇళ్లలో కప్పును మోసిన తాటి దూలంలో ఈ తంటా లేదు. తాడికి వయసు వలయాలు ఉండవు. మెత్తటి బెండులో నల్లటి నార కట్టలు నిలువునా దిగి ఉంటాయి, బయటి అంచుకు వచ్చేకొద్దీ ఒత్తుగా, గట్టిగా. వడ్లాయన ముదురు చెట్టును ఎంచి, చీల్చి, నడుమ బెండు పోగొట్టి, చేవ ఉన్న అంచునే దూలానికి ఉంచుతాడు. గొడ్డలి మడమతో కొట్టి చప్పుడు వింటాడు. సీటీ బొమ్మలో చుట్టుపక్కల వాక్సెళ్ల రంగు ఏ దిక్కున తక్కువగా మారుతుందో లెక్కగడితే నార నడిచే దిక్కు తెలుస్తుంది. అలా చూస్తే తాటి నార కట్ట నిటారుగా లేదని, లోపలికి వాలి, మళ్లీ ఆకు వైపు బయటికి తిరుగుతుందని కనిపిస్తుంది. ఆ చప్పుడుకూ ఈ దిక్కుకూ ఉన్న సంబంధాన్ని కొలవాలని నాకు ఎంతో ఆశ.

అంతకన్నా తొందరగా చూడాల్సింది పత్తి కట్టె. పత్తి ఏరడం అయ్యాక చెలకల్లో మిగిలే కట్టెను ఎక్కువగా పొయ్యికో, మంటకో ఇస్తాం. దాన్ని ముక్కలు చేసి, జిగురు కలిపి, వేడిగా నొక్కి పార్టికల్ బోర్డు చేసే పద్ధతిని ముంబైలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ రూపొందించింది. పత్తి కట్టె నార పొట్టిది, మిల్లీమీటరు లోపే. నడుమ బెండు జిగురును పీల్చేస్తుంది. బోర్డులో ముక్కకూ ముక్కకూ మధ్య జిగురు నిజంగా చేరిందా, ఎక్కడ ఖాళీ మిగిలింది అన్నది తెలియాలంటే లోపల చూడాలి. జిగురూ కర్రలాగే కార్బన్ సరుకు కావడంతో బొమ్మలో రెండూ ఒకే రంగు. అందుకే జిగురులో అయోడిన్ కలిపి తీస్తారు. అయోడిన్ ఎక్స్‌రేను గట్టిగా ఆపుతుంది కాబట్టి జిగురు పాకిన దారంతా తెల్లగా బయటపడుతుంది.

అన్నిటికీ ఈ యంత్రం పనికిరాదు. మహబూబ్‌నగర్‌లోని పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి చెదలు పట్టి, 2018లో సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా మందు ఎక్కించినప్పుడు, మానులో చెదలు ఎంత లోతుకు పోయాయో సీటీ తీసి చూడమని నన్ను చాలామంది అడిగారు. మూడెకరాల్లో పరచుకున్న చెట్టును ఏ యంత్రంలో పెట్టగలం? పైగా వస్తువు పెరిగేకొద్దీ వాక్సెల్ కూడా పెరుగుతుంది. రెండు మిల్లీమీటర్లకు మైక్రాను దొరికితే, ఇరవై సెంటీమీటర్లకు దొరికేది వంద మైక్రాన్లే, నార అందులో మాయమవుతుంది. నిలబడి ఉన్న మానుకు శబ్ద తరంగాలతో లోపలి డొల్లను వెతికే పద్ధతులు వేరే ఉన్నాయి. రాలిపడిన ఎండు ఊడ ముక్క దొరికితే మాత్రం చెదలు నార గోడను ఎలా కొరికాయో ఈ యంత్రమే చూపగలదు.

యంత్రం ఖరీదు చూసి మన పిల్లలు వెనకడుగు వేయొద్దు. ఇందోర్‌లో బలమైన ఎక్స్‌రేలు పుట్టించే ఇండస్-2 సింక్రోట్రాన్‌కు ఇమేజింగ్ కోసమే ఒక బీమ్‌లైన్ ఉంది. బొమ్మను విశ్లేషించే ఫిజీ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితం. ఈ రంగంలో కరువు ఓపికగా గీత గీసి, దాన్ని తూచి చూసుకునే మనుషులకే. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉంది, రెండింటి చుట్టూ తాడి, పత్తి ఉన్నాయి. మొదటి పాఠానికి యంత్రం కూడా అక్కర్లేదు. పత్తి కట్టెను అగ్గిపుల్లంత చెక్కి, ఎండబెట్టి, కొలిచి, తూచి, వచ్చిన సాంద్రతను 1.5తో భాగించి నోట్‌బుక్కులో రాసిపెట్టుకోవాలి. బొమ్మ చేతికొచ్చిన రోజు గీతను ముందు ఆ అంకె దగ్గరే ఆపి చూడాలి.