నడిపింపుకు పరీక్ష ఉంది

నెల్లూరు తీరంలోని సంఘాల్లో ‘ప్రభువు నడిపించాడు’ అన్న మాట వినపడని ఆదివారం ఉండదు. పెళ్లి సంబంధం, ఉద్యోగం, ఇంటి స్థలం, దేనికైనా అదే సాక్ష్యం. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లూ, ఎవరి నోట వచ్చినా కళ్లకద్దుకునేవాళ్లూ ఒకే పొరపాటు చేస్తున్నారు. నడిపింపంటే మనసులో ఉన్నట్టుండి పుట్టే తోపుడని ఇద్దరి లెక్క. ఇక్కడి బాప్టిస్టు సంఘాల చరిత్ర వేరే మాట చెబుతుంది. తనకు కలిసొచ్చే దారిని ముందు అనుమానించడం, దాన్ని వాక్యం ముందూ తోటి విశ్వాసుల ముందూ పెట్టడం, తొందరపడకుండా కనిపెట్టుకొని ఉండడం వాళ్ల పద్ధతి.

బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో మిషన్ పెట్టాడు. పదమూడేళ్లయినా విశ్వాసులు బహు కొద్దిమంది. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన బాప్టిస్టుల సభలో దీన్ని మూసేద్దామన్న చర్చ వచ్చింది. పటంలో ఒంటరి చుక్కలా కనబడే ఈ మిషన్‌కు ‘లోన్ స్టార్’ అన్న పేరు అక్కడే పడింది. చివరికి మూయలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండెక్కి, ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే. ఆ సేవకుడిగా వచ్చిన జాన్ క్లౌ అక్కడ కాపురం పెట్టింది 1866లో, అంటే పన్నెండేళ్లకు. ఫలించిన ప్రార్థనలే చరిత్రకెక్కుతాయి, ఫలించనివి ఎవరు రాస్తారు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఫలితాన్ని రుజువుగా చూపడం లేదు, నిర్ణయం తీసుకున్న తీరునే చూడమంటున్నాను.

క్లౌ దొర ఒంగోలుకు వచ్చిన తొలి రోజుల్లోనే చిక్కు వచ్చింది. యర్రగుంట్ల పేరయ్యతో మొదలై మాదిగలు సంఘంలోకి వస్తున్నారు. వాళ్లను చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్లు తేల్చేశారు. పలుకుబడి, బడికి పిల్లలు, అన్నీ వాళ్ల వైపే. క్లౌ ఒక గదిలో, ఆయన భార్య హ్యారియెట్ మరో గదిలో ప్రార్థించి బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే భాగం వచ్చిందని క్లౌ చెప్పుకున్నాడు: దేవుడు ఎన్నికలేనివారిని ఏర్పరచుకున్నాడని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం. కాకతాళీయమంటారా? కావచ్చు. డిసెంబరు 31 రాత్రి గుడిలో బైబిలు వాక్యం రాసిన వాగ్దాన కార్డు తీసుకోవడానికీ దీనికీ పైకి పెద్ద తేడా లేదు కూడా. కానీ కార్డులో మనకు దీవెనే వస్తుంది. ఇక్కడ వచ్చిన వాక్యం ఉన్న పలుకుబడినీ ఊడగొట్టేది, పైగా ఇద్దరు సాక్షులు. వాళ్లు మాదిగల పక్షాన నిలబడ్డారు.

1876-78 కరువు అంతకన్నా గట్టి పరీక్ష. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని క్లౌ గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. తట్టలు మోసేవాళ్ల మధ్యే బోధకులు తిరిగేవారు. బాప్తిస్మం అడిగినవాళ్లు వేలల్లో ఉన్నా, కూడు కోసం అడుగుతున్నారేమోనని ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడ్డారు. కరువు సాయమూ, కుల అవమానం నుంచి బయటపడాలన్న ఆశా ఇందులో లేవని ఎవరూ అనలేరు, అనాల్సిన పనీ లేదు. మనుషుల కారణాలుంటే దేవుడి చేయి లేనట్టేనని ఈ సంప్రదాయం ఏనాడూ చెప్పలేదు. సంఖ్య ఊరించినప్పుడు ఆగగలిగారా అన్నదే ఇక్కడ చూడాల్సింది.

ఇవాళ ‘దేవుడు నాతో చెప్పాడు’ అని కానుకలు అడిగే దైవజనులకు కొదవ లేదు. నడిపింపు సిద్ధాంతమే వాళ్లను పుట్టిస్తోందన్న ఆక్షేపణ ఉంది. ప్రతి ఆత్మనూ నమ్మక పరీక్షించమని యోహాను పత్రిక చెబుతుంటే, పరీక్ష మానేసినవాళ్ల తప్పును ఆ సిద్ధాంతానికి అంటగట్టడం సరికాదు. ఈసారి ఎవరైనా ఆ మాట అంటే, సంఘ పెద్దలు మూడు ప్రశ్నలైనా అడగాలి: దీనివల్ల లాభం ఎవరికి, ఇంకెవరు సాక్షి, ఎన్నాళ్లు ఆగి చూశారు?