బారు వేరు, పబ్బు వేరు

పబ్బు అంటే చెవులు దిమ్మెక్కించే పాట, చీకట్లో తిరిగే రంగు దీపాలు, గుమ్మం దగ్గర బౌన్సరు, లోపలికి వెళ్ళడానికి కవర్ చార్జీ. హైదరాబాదులోనూ విశాఖలోనూ ఇప్పుడు ఇదే అభిప్రాయం. బారు అంటే అద్దాల తలుపు, ఏసీ గది, చికెన్ సిక్స్టీఫైవ్, గదినిండా మగవాళ్ళు. విజయనగరం నుంచి వచ్చిన మా అన్నయ్య కొడుకు "బాబాయ్, ఇక్కడికి దగ్గర్లో మంచి పబ్ ఏదైనా ఉందా?" అని అడిగినప్పుడు అతని మనసులో ఉన్నదీ అదే. మేముండేది కోల్‌కతాలోని గార్డెన్ రీచ్; అలాంటివాటికి ఇక్కడి నుంచి పార్క్ స్ట్రీట్ వైపు వెళ్ళాలని చెప్పాను. కానీ ఆ తేడాను మాత్రం నేను ఒప్పుకోను. పాట హోరు పెంచినంత మాత్రాన బారు పబ్బు అయిపోదు. ఎక్సైజు శాఖ కూడా అలా అనుకోదు. తెలంగాణలో పబ్బు నడిపేవారు తీసుకునేదీ 2బీ బారు లైసెన్సే.

నా లెక్కలో అసలు తేడా మందులోనే ఉంది. సీసాలో పోసి మూత బిగించిన విస్కీకి ఊరుతో పనిలేదు, వేళతో పనిలేదు. విప్పినవాడు ఎవరైనా రుచి ఒకటే. అందుకే బారులో పనితనమంతా కౌంటరు దగ్గర కనిపిస్తుంది: దేనిలో ఏది ఎంత కలపాలో తెలిసిన చెయ్యి అది. పబ్బులో పనితనం మనకు కనబడదు. అది నేల కింద ఉంటుంది.

ఇంగ్లండులో పాత పద్ధతి పబ్బుకు బీరు పీపాల్లో వస్తుంది. వడకట్టరు, పాశ్చరైజ్ చేయరు, ఈస్టు ఇంకా బతికే ఉంటుంది. పీపాను సెల్లార్లో అడ్డంగా పడుకోబెట్టి, ఇక కదపకుండా వదిలేస్తారు. అక్కడ 11 నుంచి 13 డిగ్రీల చల్లదనం ఉండాలి. పీపా పైనున్న రంధ్రంలో మెత్తటి చెక్కమేకు దిగగొడితే లోపలి గ్యాసు మెల్లగా బయటికి పోతుంది. చాలనుకున్నాక గట్టి చెక్కమేకు కొట్టి మిగిలిన గ్యాసును లోపలే ఆపుతారు. మడ్డి అడుగున పేరుకుని బీరు తేటపడడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. దాన్ని తేటపరచడానికి చేప తిత్తి నుంచి తీసిన జిగురు వాడడం అక్కడి పాత అలవాటు. ఒకసారి కుళాయి బిగించారంటే ఇక గడియారం మొదలైనట్టే. మూడు రోజుల్లో అయిపోవాలి, లేకపోతే పులుస్తుంది. పైన కౌంటరు మీది చేతిపంపు లాగితే గ్లాసులోకి వచ్చేది ఇంత కాపలా కాసిన బీరు.

ఇలా కాపలా కాయాలంటే అక్కడే ఒక మనిషి ఉండాలి. మూడు రోజుల్లో పీపా ఖాళీ కావాలంటే రోజూ వచ్చే జనమూ ఉండాలి. వాళ్ళు రోజూ రావాలంటే కూర్చునే చోటు, మాటామంతీ, జేబుకు అందే ధర కావాలి. పబ్బు అనే ఇల్లు ఆ పీపా చుట్టూ పెరిగింది. 1830లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. జనాన్ని జిన్ను నుంచి బీరు వైపు మళ్ళించాలని, పన్ను కట్టే ఏ గృహస్థుడైనా రెండు గినీల రుసుముతో బీరు అమ్ముకోవచ్చంది. ఎందరో తమ ఇళ్ళ ముందుగదులనే దుకాణాలు చేసుకున్నారు. అదే ఇంట్లో కూలివాళ్ళకు ఒక గది, కాస్త ఉన్నవాళ్ళకు తివాచీ పరచిన మరో గది, రెంటికీ వేర్వేరు ధరలు కూడా ఉండేవి. ఆ గోడ నాకు నచ్చదు. కానీ ఇద్దరూ తాగింది ఒకే పీపా బీరు.

ఆ పీపా బీరును కాపాడుకోవడానికి 1971లో అక్కడి తాగేవాళ్ళే కామ్రా అనే సంఘం పెట్టుకున్నారు. పబ్బు అంటే ఏమిటో వాళ్ళు కట్టిన లెక్క నాకు ఎంతో ఇష్టం. సభ్యత్వం అడగకూడదు. ఏదైనా ప్రత్యేక కార్యక్రమం ఉన్న రోజున తప్ప ప్రవేశ రుసుము ఉండకూడదు. పీపా బీరో సైడరో దొరకాలి, దానికోసం భోజనం కొనితీరాలనకూడదు. భోజనాల బల్లలు వేయని గది ఒకటైనా ఉండాలి. కౌంటరు దగ్గరికి మనమే వెళ్ళి కొనుక్కోగలగాలి. ఈ లెక్కన కవర్ చార్జీ తీసుకునేది, జంటగా రాకపోతే గుమ్మం దగ్గరే ఆపేసేది పబ్బు కాదు. అది పాటలున్న బారు.

కోల్‌కతాలో లైసెన్సుల భాష ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడే కూర్చుని తాగేది ఆన్ షాపు, కొనుక్కుపోయేది ఆఫ్ షాపు. నాటుసారా దుకాణం వేరు. ఎస్ప్లనేడ్ దగ్గర మెట్రో సినిమా పక్క సందులో 1872 నాటి షా బ్రదర్స్ ఉంది, జనం దాన్ని ఛోటా బ్రిస్టల్ అంటారు. కాగితం మీద అది బారే. డబ్బు ముందే కట్టాలి. ఖాళీ కుర్చీ ఎక్కడుంటే అక్కడే, ముక్కూమొహం తెలియనివాళ్ళ బల్ల దగ్గర సర్దుకోవాలి. లాయరూ గుమాస్తా ఒకే బల్ల పంచుకుంటారు. ఉన్నంతలో పబ్బు గుణం దానికే ఎక్కువ. కాకపోతే చాలా కాలం ఆడవాళ్ళను రానివ్వలేదు. సగం ఊరిని గుమ్మం బయట నిలబెట్టిన ఇల్లు నాకు సగం పబ్బే. తాల్తలాలోని ఖలాసీటోలా నాటుసారా దుకాణంలో ఓడరేవు కూలీల పక్కనే కమల్‌కుమార్ మజుందార్, శక్తి చట్టోపాధ్యాయ లాంటి రచయితలు కూర్చునేవారు. కవుల వల్ల దానికి పేరొచ్చింది. నాకు మాత్రం ఆ బెంచీల మీద కూలీ కవీ పక్కపక్కన కూర్చోవడమే గొప్పగా అనిపిస్తుంది.

మా గార్డెన్ రీచ్ తెలుగువాళ్ళకు రైల్వేయే ఇల్లూ వాకిలీ. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి మనవాళ్ళు ఈ దారిన వస్తూనే ఉన్నారు. వాల్తేరు డివిజను 2003 దాకా ఇక్కడి సౌత్ ఈస్టర్న్ రైల్వే ప్రధాన కార్యాలయం కిందే ఉండేది. మా నాన్న ఆ ఆఫీసులోనే గుమాస్తాగా చేరారు. రైల్వేవాళ్ళకు క్లబ్బులూ ఇన్‌స్టిట్యూట్లూ ఉండేవి. సభ్యత్వం కావాలి కనుక అవి పబ్బులు కావు. నాన్న తరంవాళ్ళు సెలవుల్లో ఊరికెళ్ళి వచ్చాక ముచ్చటగా చెప్పుకున్నది బారుల గురించి కాదు, కల్లుపాక గురించి.

ఇంగ్లండు పబ్బుకు మన దేశంలో అసలైన తోబుట్టువు ఆ పాకే. చలికాలంలో ఈత, ఎండాకాలంలో తాటి. గీత కార్మికుడు పొద్దునా సాయంత్రం చెట్టెక్కి, తాటికైతే గెల కొసను, ఈతకైతే మానును పలచగా చెక్కి కుండ కడతాడు. లోపల సున్నం పూస్తే పులవకుండా నీరా అవుతుంది, పూయకపోతే కల్లు. కుండను ఎంత శుభ్రంగా కడిగాడు, అడుగున పాత మడ్డి ఎంత మిగిలింది అన్నదాన్ని బట్టి అది ఎంత త్వరగా పులుస్తుందో అతనికి తెలుసు. పొద్దున తియ్యన, సాయంత్రానికి ఘాటు, మర్నాటికి పనికిరాదు. పీపాకు మూడు రోజుల గడువు, కుండకు ఒక్క రోజే. అందుకే పాక చెట్టు దగ్గరే ఉండేది, తాగేవాళ్ళు అక్కడికే వచ్చి దొప్ప పట్టేవారు.

చెట్టుకు దూరమైన కొద్దీ కల్లు చెడింది. చెట్లు లేని నగరాల్లో కల్లు పేరుతో క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రజోలం కలిపిన నీళ్ళు అమ్మారు. ప్రాణాలు పోయాయి. సారా కథ ఇంకా చేదు. ప్యాకెట్టులో పోసేసరికి దానికి ఇల్లూ అక్కర్లేదు, చూసే కన్నూ అక్కర్లేదు. నేరుగా కాపురాల్లోకి వచ్చిపడింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు దాన్ని తరిమారు. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. ఆ తల్లుల పోరాటానికి నేను చేతులెత్తి మొక్కుతాను. మద్యం ఎంత తాగారన్నదే కాదు, ఎక్కడ తాగారన్నది కూడా కుటుంబాల బతుకును నిర్ణయిస్తుందని వాళ్ళే చూపించారు.

ఇప్పుడు తెలుగునాట వైన్ షాపు పక్కన పర్మిట్ రూములు వచ్చాయి. కుర్చీ లేదు, వంట లేదు. నిలబడి గబగబా గొంతులో పోసుకుని బయటపడాలి. మనిషిని తొందరగా తాగించి పంపడం కన్నా హాని చేసే పద్ధతి మరొకటి నాకు తోచదు.

ఎక్సైజు నిబంధనలు రాసేవారికి నా విన్నపం ఇది. తాటివనాలూ ఈతవనాలూ ఉన్న ఊళ్ళలో, ఆ చెట్టు కల్లు ఆ రోజే అమ్మే పాకలకు విడిగా ఒక తరగతి పెట్టండి. గీసిన కార్మికుల సంఘానికే లైసెన్సు ఇవ్వండి. కూర్చోవడానికి బెంచీ, తినడానికి వేడిగా వండినది, ఆడవాళ్ళు సంకోచం లేకుండా రాగల గుమ్మం, వారం వారం కల్తీ పరీక్ష తప్పనిసరి చేయండి. ఇది గాలిలో మేడ కాదు. కేరళలో చేపల కూర, కర్రపెండలం వండిపెట్టే కల్లు షాపులు వేలల్లో ఉన్నాయి, అన్నీ ప్రభుత్వ లైసెన్సుతో నడుస్తున్నవే.